నాలుగింతలు చేసి చూస్తే

పెద్దాసుపత్రి వెబ్ పేజీ చూసుకునే అధికారి గారికి,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అయినా వచ్చే గురువారం మీవాళ్ళు నా కళ్ళు తీసుకుంటారట కాబట్టి, అవి ఉండగానే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. నలభై రెండేళ్ళు రాశాను. నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, 'పెద్దక్షరాలు' అని అడిగితే మా ఇల్లు ఎవరైనా చూపిస్తారు. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. మూడేళ్ళుగా రెండు కళ్ళలోనూ సరిగ్గా మధ్యలో బూడిదరంగు మరక ఒకటి తిష్ట వేసింది. తుడిస్తే పోయేది కాదు. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది, చూడాలనుకున్నది తప్ప. మా ఆవిడ ఎదురుగా నిలబడితే చెవులూ జడా కనిపిస్తాయి, మొహం కనిపించదు. కోపంగా ఉందో లేదో తెలియక ముందుజాగ్రత్తగా రోజుకి నాలుగుసార్లు తప్పయిపోయిందని చెప్పేస్తున్నాను.

మా పేటలో కంటి డాక్టరు, "ఈ మరక తగ్గేది కాదు పెద్దాయనా. కానీ మిగిలిన చూపుతో ఎలా నెట్టుకురావాలో నేర్పేవాళ్ళున్నారు. పెద్దాసుపత్రిలో తక్కువ చూపు విభాగం అని ఉంది, వెళ్ళండి" అన్నాడు. ఫోను చేశాను. అపాయింట్‌మెంట్లు వెబ్ పేజీలోనే తీసుకోవాలని ఒక రికార్డు గొంతు చెప్పి పెట్టేసింది. సరేనని మా పెద్దమ్మాయి వాడి మాకిచ్చేసిన కంప్యూటరు ముందు కూర్చున్నాను.

అయ్యా, మీ పేజీ తెల్లగోడ మీద సున్నంతో రాసినట్టుంది. అక్షరాలున్నాయన్నది దేవుడి మీద నమ్మకం లాంటిదే, ఉంటే ఉన్నట్టు. మా అమ్మాయి ఫోనులో చెప్పినట్టు దాన్ని నాలుగింతలు పెద్దది చేశాను. అక్షరాలు పెరిగాయి, పేజీ మాత్రం కుడివైపుకి పారిపోయింది. గడి ఇక్కడుంటే, ఆ గడి దేనికో చెప్పే మాట పక్కవీధిలో ఉంది. చివరికి 'నేత్ర' అన్న ముక్క కనిపించిన చోట నొక్కాను. నేత్రమంటే కన్నే కదా, నా బాధా కంటిదే కదా.

నిన్న మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆవిడ చదివింది. 'నేత్రదానానికి ముందుకొచ్చిన మీ ఔదార్యానికి కృతజ్ఞతలు. గురువారం ఉదయం పది గంటలకు కుటుంబ సభ్యులలో ఒకరిని వెంటబెట్టుకుని రాగలరు.' ఆ ముక్క చదివి ఆమె కుర్చీలో కూలబడింది. నేను ముందునుంచే కుర్చీలో ఉన్నాను కాబట్టి కూలబడే అవకాశం కూడా లేకపోయింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో మందు కూడా వెయ్యలేదు. వెంట మనిషిని ఎందుకు తెచ్చుకోమన్నారో మాకు అర్థమైంది, నన్ను మళ్ళీ ఇంటికి నడిపించుకు రావడానికి. దయచేసి గురువారం కార్యక్రమం ఆపించండి. అంత గొప్ప కళ్ళేమీ కావు గానీ, ఇంకా వాడుకలో ఉన్నాయి.

ఇట్లు,
పెద్దక్షరాలు,
పని మానేసిన బోర్డుల పెయింటరు

తా.క.: నాకు కనిపించే సైజులో లావు మార్కరుతో రాశాను. అందుకే పద్నాలుగు కాగితాలైంది, ఏమీ అనుకోకండి.

ఇంకో తా.క.: రెండు కళ్ళూనా, ఒకటేనా అని మా ఆవిడ అడగమంటోంది. ఆమె గొంతు వింటే ఒకదానికి బేరం కుదుర్చుకునేలా ఉంది.

*

బోర్డుల పెయింటరు గారికి,

మీ పద్నాలుగు కాగితాల ఉత్తరం అందినది. అందులోని విషయాలు చూసి ఈ కార్యాలయం దిగ్భ్రాంతి చెందినది.

నేత్రదానం దాత మరణానంతరం మాత్రమే స్వీకరించబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది. గురువారం పిలిచినది సంతకం కోసమే తప్ప కళ్ళ కోసం కాదు. ఈ విషయంలో ఆసుపత్రికి ఎటువంటి తొందరా లేదు. మీరు కూడా తొందరపడవద్దని మనవి.

ఇక వెబ్ పేజీ విషయం. పేజీని చూసినవారందరూ కళ్ళకు చాలా హాయిగా ఉన్నదని మెచ్చుకున్నారు. లేత రంగులు ప్రశాంతత కోసం ప్రత్యేకముగా ఎంపిక చేసినవి. దానిని స్వయముగా నేనే చూసి ఆమోదించినాను. రెండేళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఫిర్యాదు చేయదలచినవారి కోసం పేజీ అడుగున, కుడిమూల, లేత బూడిదరంగులో ఒక లింకు ఉన్నది.

ఇంట్లో చూపున్నవారి సాయం తీసుకుని మరల ప్రయత్నించగలరు.

భవదీయుడు,
సమాచార అధికారి, పెద్దాసుపత్రి

తా.క.: నేత్రదానం నమోదును రద్దు చేసుకొనుటకు కూడా అదే పేజీని ఉపయోగించవలెను.

*

సమాచార అధికారి గారికి,

నమస్కారం. నా కళ్ళు నా దగ్గరే ఉంచినందుకు ముందుగా ధన్యవాదాలు. గురువారం పదింటికి మేమిద్దరం తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాం. మీ ఉత్తరం పదకొండింటికి వచ్చింది. ఆ గంట ఎలా గడిచిందో మాకు తెలుసు.

ఇంట్లోవాళ్ళ సాయం తీసుకోమన్నారు. మా ఆవిడ కుట్టుమిషను మీద కూర్చుంటే దిగేసరికి పొద్దు వాలుతుంది. అయినా అడిగితే చేస్తుంది. అడగడమే నా వల్ల కాదు. ఈ పేటలో మందుల షాపు నుంచి మంగలి షాపు దాకా ఎటు వెళ్ళాలో జనం నా అక్షరాలు చూసి తెలుసుకున్నారు. ఇప్పుడు నా జబ్బు నేనే రాసుకోలేక మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒంటరిగానే మళ్ళీ కూర్చున్నాను.

తలుపు కన్నంలోంచి పెళ్ళి చూస్తున్నట్టుంది నా పరిస్థితి. ఒకసారి పెళ్ళికొడుకు చెయ్యి, ఒకసారి ఎవరిదో చెప్పు. వాక్యం చివరిదాకా వెళ్ళాలంటే పేజీని కుడికి లాగాలి. తర్వాత పంక్తికి మళ్ళీ ఎడమకి లాక్కురావాలి. వచ్చేసరికి ఏ పంక్తిలో ఉన్నానో మరిచిపోతాను. ఇలా కుస్తీ పడుతుంటే మధ్యలో ఒక పలక లేచి 'సమయం ముగిసినది' అంది. ఆసుపత్రి పేజీ మనిషితో అనాల్సిన మాటేనా అది? నా కేక విని మా ఆవిడ మిషను వదిలేసి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. తర్వాత తెలిసింది, ఐదు నిమిషాల్లో నింపకపోతే రాసిందంతా చెరిపేస్తుందట.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చివరిదాకా వచ్చేశాను. అప్పుడు అది 'మీరు మనిషేనని నిరూపించుకోండి' అంది. డెబ్బై ఒక్కేళ్ళుగా నేను చేస్తున్నది అదేనండి. వంకరటింకర అక్షరాల మీద గీతలు కొట్టి, అవేమిటో చెప్పమంది. నా దగ్గర పని నేర్చుకునేవాడెవడైనా అలా రాస్తే బ్రష్షు లాక్కుని పంపించేసేవాణ్ణి. నాలుగోసారికి గుడ్డిగా కొట్టిన దెబ్బ తగిలింది, నేను మనిషినేనని ఒప్పుకుంది.

ఒక గడిలో 'ఎన్నేళ్ళుగా' అని కనిపించింది. కళ్ళ బాధ అడుగుతున్నారో పని సంగతి అడుగుతున్నారో తెలియక, పని మీద మమకారంతో నలభై రెండు అని రాశాను. ఇంకో గడిలో 'పరికరాలు' అని ఉంది. బ్రష్షులు, గీకే కత్తి, టర్పెంటైన్ అని రాశాను. నిజం చెప్పడానికి భయమెందుకు?

నిన్న మీ ఆసుపత్రి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. కంటి ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు.

అధికారి గారూ, నా చెయ్యి ఇప్పటికీ వణకదు, అది నిజమే. గోడ మీద మూరెడు గీత స్కేలు లేకుండా లాగుతాను. కానీ గీకే కత్తితో, టర్పెంటైన్‌తో కళ్ళు బాగుచేస్తానన్నవాణ్ణి మీ ఆసుపత్రి పిలిచిందంటే, నాకంటే ముందు ఎవరెవర్ని పిలిచారో తలుచుకుంటే భయంగా ఉంది.

ఇట్లు,
పెద్దక్షరాలు

తా.క.: మా ఆవిడ ఇంటర్వ్యూకని చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. వద్దంటే, "అడిగి చూస్తే పోయేదేముంది" అంటోంది.

ఇంకో తా.క.: పేజీ నెత్తిన ఒక పట్టీలో 'ముఖ్య గమనిక: తక్కువ చూపు విభాగం ఈ నెలాఖరు నుండి మూ' అని ఉంది. మిగతాది కుడివైపు ఎక్కడికో పోయింది, ఎంత లాగినా దొరకలేదు. మూడో అంతస్తుకి మారుతున్నట్టుంది. లిఫ్టు ఉందా?

*

బోర్డుల పెయింటరు గారికి,

మీ ఉత్తరం చేరినది. ఇంటర్వ్యూ పిలుపును వెంటనే రద్దు చేయించినాను. ఎంపిక సంఘాన్ని విచారించగా, నలభై రెండేళ్ళ అనుభవం దగ్గరే అందరూ ఆగిపోయారని, కింద గడి ఎవరూ చదవలేదని తెలిసినది. ఇకపై కింద గడి కూడా చదవవలెనని ఆదేశించడమైనది.

తా.క.లో మీరు అడిగిన దానికి జవాబు చెప్పడానికి మూడు రోజులు తటపటాయించాను. అది మూడో అంతస్తు కాదు. 'మూసివేయబడుతుంది' అని ఉండవలెను.

పేజీ ప్రారంభమైన ఈ రెండేళ్ళలో తక్కువ చూపు విభాగానికి అపాయింట్‌మెంటు తీసుకున్నవారు పదకొండు మంది. ఊరిలో ఆ అవసరం ఉన్నవారే లేరని డైరెక్టరు గారు నిర్ణయించారు. అక్కడి డాక్టరమ్మను వచ్చే నెల నుంచి స్టోర్సుకు మార్చి, దూదిచుట్టల లెక్క అప్పగించనున్నారు. గదిని పాత మంచాలు పెట్టుకోవడానికి ఇస్తున్నారు.

చింతిస్తున్నాను.

భవదీయుడు,
సమాచార అధికారి

తా.క.: లిఫ్టు ఉన్నది. పని చేయదు.

*

సమాచార అధికారి గారికి,

మీ ఉత్తరం మా ఆవిడ రెండుసార్లు చదివింది. మొదటిసారి నేను నమ్మలేదు. రెండోసారి ఆమె నమ్మలేదు.

రాయడం వల్ల కాదని, మొన్న బస్సెక్కి నేనే వచ్చాను. మీరు పై అంతస్తులో ఎక్కడో ఉంటారట, అటెండరు పంపలేదు. కౌంటరులో అమ్మాయి నన్ను చూడకుండానే, "పేజీలో బుక్ చేసుకుని రండి" అంది.

"పేజీ కనిపించడం లేదమ్మా."

"నెట్ లేదా?"

"కళ్ళు లేవు."

"అయితే తక్కువ చూపు విభాగానికి వెళ్ళాలి. పేజీలో బుక్ చేసుకోండి."

ఆమె తప్పు కాదు. ఆమెకి ఏం చెప్పారో అదే చెప్పింది. నేను పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున తొమ్మిదినుంచి పన్నెండింటి దాకా ఏడుగురు వచ్చారు. చూసి కాదు, విని లెక్కపెట్టాను. ఒకాయన లారీ డ్రైవరు, పని మానేసి ఏడాదైందట. ఒకామె చంటిపిల్లకి తల్లి, బాధ పిల్లది కాదు, ఆమె కళ్ళదే. పాలలో చక్కెరనుకుని ఉప్పు కలిపానని చెప్పి ఏడ్చేసింది. ఒక బడిపంతులు గారు పిల్లల నోటుపుస్తకాలు సంచిలోనే తెచ్చుకున్నారు. అందరికీ ఒకటే జవాబు. అందరూ వెనక్కి వెళ్ళిపోయారు. ఒక్క పొద్దున ఏడుగురు, రెండేళ్ళకి పదకొండు మంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాత గోడ పట్టుకుని తక్కువ చూపు విభాగం ఎక్కడో వెతుక్కున్నాను. తలుపు తడితే లోపల కుర్చీ ఒకటి దబ్బున పడిన చప్పుడైంది. డాక్టరమ్మ అంత కంగారుగా లేచింది.

"పేషెంటా?" అంది.

"అనుకుంటున్నానమ్మా."

"ఆరు వారాలైంది ఒక మనిషిని చూసి. కూర్చోండి, కూర్చోండి. అపాయింట్‌మెంటు నంబరు చెప్పండి."

లేదన్నాను. నంబరు లేకపోతే ఆమె కంప్యూటరు తెరుచుకోదట, కంప్యూటరు తెరుచుకోకపోతే ఆమె నా కన్ను తెరిచి చూడకూడదట. బీరువా నిండా కొత్త భూతద్దాలు, దీపం ఉన్నవీ స్టాండు ఉన్నవీ, పెట్టె విప్పకుండా ఉన్నాయని చెప్పింది.

అధికారి గారూ, సందు చివర కొట్టు పెట్టి, బోర్డు గోడవైపు తిప్పి పెట్టి, గిరాకీ లేదని కొట్టు మూసేసేవాణ్ణి ఏమంటారు? ఆ మాట నేనంటే బాగుండదు, మీరే అనుకోండి.

నేను చదువుకున్నది ఐదో తరగతే. కంప్యూటరు సంగతి తెలియదు గానీ బోర్డు సంగతి తెలుసు. ఎవరైనా బోర్డు రాయమంటే నేను ముందు రోడ్డు దాటి అవతలి గట్టు మీద నిలబడేవాణ్ణి. బోర్డు చదివేవాడు అక్కడే ఉంటాడు, నిచ్చెన మీద కాదు. తెలుపు మీద నలుపో, నలుపు మీద పసుపో వేస్తాం. ముచ్చటగా ఉంటుందని లేతరంగు అడిగితే, ఇంట్లో గోడకి వేసుకోండి బాబూ అనేవాణ్ణి. బాణం గుర్తు తలుపు పక్కనే వేస్తాం, పక్కింటి గోడ మీద వెయ్యం. తప్పనిసరిగా నింపాల్సినవి ఎర్రగడులని రాశారట, నా కంటికి ఎరుపూ బూడిదా ఒకటే. రంగుతో చెప్పింది మాటతో కూడా చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, అక్షరం పెద్దదై బోర్డు చాలకపోతే అక్షరాన్ని కొయ్యం, పంక్తిని కిందికి దించుతాం. మీ పేజీ పంక్తి దించదు. మనిషిని కోస్తుంది.

మూసేసే ముందు దాన్ని ఒక్కసారి బాగుచేసి చూడండి. అప్పటికీ ఎవరూ రాకపోతే పాత మంచాలు నేనే మోసి ఆ గదిలో పెడతాను.

ఇట్లు,
పెద్దక్షరాలు

తా.క.: ఆ పేజీని స్వయంగా చూసి ఆమోదించానన్నారు. తప్పుగా అనుకోకండి, దేంతో చూశారు?

*

పెయింటరు గారికి,

నమస్కారం. ఇది ఆఫీసు ఉత్తరం కాదు. ఆఫీసు ఉత్తరంలో 'నేను సిగ్గుపడ్డాను' అని రాయడానికి వీల్లేదట, గుమాస్తా చెప్పాడు.

మీ ఉత్తరం అందిన పూటే పేజీ తయారుచేసిన ఇంజినీరమ్మను పిలిపించాను. మీరు చెప్పింది చదివి వినిపించాను. ఆమె ముందు కొంచెం చిన్నబుచ్చుకుంది. తర్వాత పేజీని నాలుగింతలు చేసింది. తన కళ్ళజోడు తీసి, రెండు అద్దాల మధ్యలోనూ సబ్బు నురగ పూసి, ఆరనిచ్చి, పెట్టుకుని కూర్చుంది. అపాయింట్‌మెంటు తీసుకోవడానికి ప్రయత్నించింది. ఇరవై నిమిషాల తర్వాత ఆమె కూడా నేత్రదానం చేసేసింది.

కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. "సార్, నేను దీన్ని నా కళ్ళతో చూసే చేశాను. ఇంకొకరి కళ్ళతో చూడాలని నాకు తోచలేదు, ఎవరూ చెప్పలేదు. చూపించినప్పుడు మీరు కూడా బాగుందనే అన్నారు కదండీ" అంది.

అన్నాను. దాని గురించి తర్వాత రాస్తాను.

డైరెక్టరు గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. మీ ఏడుగురి సంగతి చెప్పాను. ఆయన నమ్మక, తానే దిగి వచ్చి కౌంటరు వెనక ఒక పూట నిలబడ్డారు. ఆ పూట తొమ్మిది మంది వచ్చారు. ఆయన పైకి వచ్చి మంచినీళ్ళు అడిగి, తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చున్నారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి, ఈలోగా పేజీ బాగుచేసి చూడమన్నారు.

ఇంజినీరమ్మ రెండు రోజులుగా ఇంటికి సరిగ్గా పోవడం లేదు. మొదటి ప్రయత్నంలో ఉత్సాహం ఎక్కువై అక్షరాలు ఎంత పెద్దవయ్యాయంటే, తెర మీద 'ఆసు' ఒక్కటే పట్టింది. మిగతా 'పత్రి' కోసం అంతస్తు దిగి వెళ్ళాలేమో అన్నాడు గుమాస్తా. ఇప్పుడు కుదిరింది. ఐదు నిమిషాల గడువు తీసేసింది. మనిషినని నిరూపించుకోమనే గడి కూడా తీసేసింది. మీ మాట మీద నమ్మేస్తాం.

రేపటి నుంచి కొత్త పేజీ. మీరు చూసి, తప్పులుంటే మొహమాటం లేకుండా తిట్టండి.

మీ
సమాచార అధికారి

తా.క.: రద్దు చేయబోయి మీరు మళ్ళీ మళ్ళీ నొక్కినట్టున్నారు. మీ నేత్రదానం ఇప్పటికి మూడుసార్లు నమోదైంది. రికార్డుల ప్రకారం ఆసుపత్రికి మీరు ఆరు కళ్ళు బాకీ.

*

అధికారి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కాస్త వంకరగా ఉంటే చెయ్యి వణికిందనుకోండి. నలభై రెండేళ్ళలో మొదటిసారి.

నిన్న ఉదయం కూర్చున్నాను. పేజీ తెరిచాను. నాలుగింతలు చేశాను. పంక్తి పక్కకి పారిపోలేదు, బుద్ధిగా కిందికి దిగింది. తెలుపు మీద నలుపు. 'తక్కువ చూపు విభాగం' అన్న మాట, దాని పక్కనే దాని గడి, మొగుడూ పెళ్ళాల్లా ఒకేచోట. 'ఇది తప్పనిసరి' అని మాటల్లోనే ఉంది. నా పేరు, వయసు, బాధ రాశాను. నొక్కాను. 'మీ అపాయింట్‌మెంటు ఖరారైంది' అని వచ్చింది. మొత్తం వాక్యం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నేనే చదివాను. మళ్ళీ చదివాను. నిజంగా అయిందో లేక మళ్ళీ ఏ డాక్టరు ఉద్యోగమో వచ్చిందో అని మా ఆవిణ్ణి పిలిచి చదవమన్నాను. ఆమె కూడా అదే చదివింది.

తప్పులు చెప్పమన్నారు. తేదీ గడి ఇంకా చీమంత ఉంది. కింద ఫోను నంబరు మళ్ళీ బూడిదరంగులో ఉంది, పాత అలవాటు పోయినట్టు లేదు. ఈ రెండూ సరిచేయించండి.

ఇక అసలు సంగతి. నా నంబరు చూశాను. మూడువందల పన్నెండు. పేజీ తెరిచి ఐదు రోజులే కదా అయింది. నేనేదో తప్పు గడి నొక్కి సినిమా హాలు వరసలో నిలబడ్డానేమో అనుకున్నాను. మూడువందల పదకొండు మంది ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? ఈ వీధుల్లోనే నా పక్కనుంచే నడిచి ఉంటారు. ఒకరికొకరు కనిపించలేదంతే.

ఇట్లు,
పెద్దక్షరాలు

తా.క.: వరసలో ముందుకి జరిపే ఉపాయం ఏదైనా ఉందా అని మా ఆవిడ అడగమంది. నేను అడగనన్నాను. అడిగినట్టు రాయమంది. రాశాను.

*

పెయింటరు గారికి,

నమస్కారం. తేదీ గడి పెద్దదైంది. ఫోను నంబరు నల్లబడింది. మూసివేత ఉత్తర్వు రద్దైంది. డాక్టరమ్మ ముందే చేతికిచ్చిన స్టోర్సు తాళాలు తిరిగిచ్చేసి, భూతద్దాల బీరువా తెరిచింది. ఆమెకి తోడుగా ఇంకో డాక్టరును వేశారు, వసారాలో బెంచీలు చాలక పాత మంచాలే తెచ్చి వేశారు. లారీ డ్రైవరు నాలుగో నంబరు. పంతులు గారు పిల్లల నోటుపుస్తకాలు మొన్న ఆ గదిలోనే దిద్దడం మొదలుపెట్టారట, డాక్టరమ్మ వెళ్ళమన్నా లేవలేదట. చంటిపిల్ల తల్లికి చక్కెర, ఉప్పు డబ్బాల మీద అంటించుకోవడానికి ఇంజినీరమ్మే పెద్ద అక్షరాల చీటీలు రాసిచ్చింది.

మిమ్మల్ని వరసలో ముందుకి జరపలేను. జరిపితే మీరే తిడతారు. కానీ మీ ముందు నంబరు ఎవరిదో చెబుతాను.

మూడువందల పదకొండు నాది.

దేంతో చూశారని అడిగారు కదా. ఆ ప్రశ్నకి జవాబు ఇదే. రెండున్నరేళ్ళుగా నా కళ్ళు మసకబారుతూ వస్తున్నాయి. మీది మధ్యలో మరక. నాది అంచుల నుంచి లోపలికి ముసురుకొస్తోంది. ఎవరికీ చెప్పలేదు. ఫైలు వస్తే గుమాస్తా వేలు పెట్టిన చోట సంతకం పెడుతున్నాను. మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కుతున్నాను. ఇంజినీరమ్మ పేజీ చూపించిన రోజు నాకు తెర మీద తెల్లటి వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. గదిలో అందరూ బాగుందన్నారు. నేనూ చాలా ప్రశాంతంగా ఉందన్నాను. కనిపించడం లేదని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, ఆ ఏడుగురూ వెనక్కి పోయేవారు కాదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆసుపత్రిలో పనిచేస్తూ, జబ్బుందని చెప్పుకోవడానికి భయపడ్డాను చూడండి.

మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు గుమాస్తా సెలవులో ఉన్నాడు. చదివేవాళ్ళు లేరని పక్కన పెట్టబోయి ఊరికే విప్పాను. 'పెద్దాసుపత్రి' అని కనిపించింది. నాకు కనిపించింది. పద్నాలుగు కాగితాలూ తలుపు వేసుకుని నేనే చదువుకున్నాను. ఎవరి సాయం లేకుండా ఒక ఉత్తరం చదివి రెండేళ్ళైంది. అయినా మీకు ఆ బోడి జవాబు రాయించాను. ఎంత పిరికివాణ్ణో మీరే ఆలోచించండి.

నిన్న డైరెక్టరు గారికి చెప్పేశాను. ఆయన ఉద్యోగం తియ్యలేదు. ఇకనుంచి ఆసుపత్రి తెరిచే ప్రతి పేజీ ముందుగా నేను చూడాలట. నాకు కనిపిస్తేనే ఊరికి కనిపిస్తుందని ఆయన లెక్క. ఆ పనికి నేనొక్కణ్ణీ చాలనని, అంచులు కనిపించేవాడు ఇంకొకడు కావాలని చెప్పి వచ్చాను. డాక్టరు ఉద్యోగమైతే కాదు గానీ, ఇంటర్వ్యూకి వస్తారా?

అపాయింట్‌మెంటు ఇద్దరికీ ఒకటే రోజు. నేను పదకొండింటికి, మీరు పదకొండుంపావుకి. మీకు నా మొహం కనిపించదు, నాకు మీ చెవులు కనిపించవు. అందుకని మూడువందల పదకొండు అని పిలవగానే లేచేవాడితో మాట కలపండి.

మీ
సమాచార అధికారి

తా.క.: అన్నిటికంటే కష్టమైన పని ఇంట్లో చెప్పడం. నిన్న భోజనాలయ్యాక మా ఇల్లాలిని కూర్చోబెట్టి, మనసు గట్టి చేసుకుని, రెండున్నరేళ్ళ రహస్యం విప్పాను. ఆమె విని, "అవునా? మరి మీ చెప్పులు రోజూ గుమ్మంలో ఒకేచోట ఎడమది ఎడమకి కుడిది కుడికి సర్దుతున్నది ఎవరనుకున్నారు? అపాయింట్‌మెంటు ఎప్పుడు తీసుకుంటారా అని చూస్తున్నాను" అంది.